కార్డులకి పావుగంట, పేజీకీ చెవికీ ముప్పావుగంట

(జపనీస్‌ని సొంతంగా నేర్చుకుంటున్నవాళ్ళ కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ముందు మీతో రెండుసార్లు చేతులెత్తిస్తాను. ఫోన్లో ఆంకీ గానీ, ముందు మాటా వెనక అర్థమూ చూపించే అలాంటి ఇంకో ఫ్లాష్‌కార్డుల యాప్ గానీ ఉన్నవాళ్ళు? దాదాపు అందరూ ఎత్తారు. మంచిది. ఈ వారంలో జపనీస్‌లో ఒక్క పేజీ, కథో వార్తో ఏదో ఒకటి, మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్ళు? (నవ్వులు) చూశారా, ఎన్ని చేతులు దిగిపోయాయో. ఇవాళ నేను మాట్లాడేది ఆ దిగిపోయిన చేతుల గురించే.

నేనేం కార్డుల మీద కత్తి కట్టలేదు. నేనూ రోజూ చేస్తాను. కానీ కార్డులతో ఒక చిక్కుంది. ఇన్ని చేశావని అంకె చూపిస్తాయి. చివర్లో "ఇవాళ్టికి అయిపోయింది, శభాష్" అని యాపే చెప్పేస్తుంది. పుస్తకం ఆ మాట ఎప్పటికీ చెప్పదు. రెండు పేజీలు చదివితే ఎంత వచ్చిందో మనకే తెలీదు. అరగంట విన్నా అంతే. అందుకని మనసు లెక్క కనిపించేవైపే జారిపోతుంది. నా లెక్క ఇది: రోజుకి గంట టైముంటే కార్డులకి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. మిగతాదంతా చదవడానికీ వినడానికీ. ఇది ఎవరికైనా పనికొస్తుంది గానీ, తెలుగు మాట్లాడేవాళ్ళకి ఇంకా ముందే పనికొస్తుందని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

అసలీ కార్డుల సంగతి ఎక్కడ మొదలైందో కాస్త చూద్దాం. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే ఆయన 1885లో జ్ఞాపకశక్తి మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ప్రయోగాలన్నీ తన మీదే చేసుకున్నాడు. అర్థంపర్థం లేని అక్షరాల ముక్కలు జాబితాలుగా రాసుకుని, బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో కొలిచాడు. మొదట్లో గబగబా మర్చిపోతాం, తర్వాత మర్చిపోయే వేగం తగ్గుతుంది అని తేల్చాడు. మర్చిపోబోయే ముందు ఇంకోసారి గుర్తుచేసుకుంటే మాట నిలుస్తుందన్న ఆలోచనకి అది పునాది. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ దాన్ని అరలున్న అట్టపెట్టె చేశాడు. తెలిసిన కార్డు వెనక అరలోకి పోతుంది, తప్పిన కార్డు మళ్ళీ మొదటి అరలోకి వస్తుంది. 1980ల్లో పోలండ్‌లో ప్యోటర్ వోజ్నియాక్ ఆ లెక్కని కంప్యూటరుకి అప్పగించాడు, అదే సూపర్‌మెమో. 2006లో డేమియన్ ఎల్మ్స్ ఆంకీ రాశాడు. అది పుట్టిందే జపనీస్ నేర్చుకునే పనిలోంచి. పేరు కూడా జపనీస్ మాటే, కంఠస్థం చేయడం అని.

ఇందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎబింగ్‌హాస్ కొలిచింది అర్థం లేని ముక్కల్ని. కావాలనే అర్థం లేకుండా చేసుకున్నాడు, అర్థం ఉంటే జ్ఞాపకం తొందరగా పట్టేసి కొలత చెడిపోతుందని. ఇప్పుడు మనమేం చేస్తున్నాం? ముందు వెనక ఏమీ లేని రెండు వేల మాటలు ఎవరో కట్టగా తయారుచేసిన కార్డుల డెక్‌లోంచి తెచ్చుకుని, ఒక్కోదాన్నీ ఒంటరిగా తెరమీద చూస్తున్నాం. అర్థమున్న మాటని తీసుకెళ్ళి మళ్ళీ ఎబింగ్‌హాస్ ముక్కలాగా చేస్తున్నాం! తర్వాత, గుర్తుండట్లేదు అంటాం. అదే మాట కథలో ఒకడు తలుపు తీస్తూ అన్నదైతే, దానికో మనిషీ ఒక తలుపూ ఉంటాయి. పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇక బరువు సంగతి. ఆంకీ పెట్టుకోగానే అది ఇచ్చే సెట్టింగు రోజుకి 20 కొత్త కార్డులు. ఇరవయ్యే కదా అనిపిస్తుంది. కానీ కొత్త కార్డు ఇవాళ వచ్చి పోయేది కాదు. రేపొస్తుంది, నాలుగు రోజులకొస్తుంది, పది రోజులకీ నెలకీ వస్తుంది. వెనకటి రోజులవన్నీ కలిసి, కొన్ని వారాలు గడిచేసరికి రివ్యూలు, అంటే మళ్ళీ చూడాల్సిన పాత కార్డులు, కొత్తవాటికి ఏడెనిమిది రెట్లు, ఒక్కోసారి పది రెట్లు అవుతాయని వాడేవాళ్ళు చెప్పుకునే ఉజ్జాయింపు. అంటే రోజుకి 150 నుంచి 200. కార్డుకి తొమ్మిది సెకన్లు వేసుకున్నా 200 కార్డులకి 1800 సెకన్లు. అరగంట. రోజుకి అరగంటే దొరికేవాళ్ళకి జపనీస్ అక్కడితో సరి. పుస్తకం తెరిచిందీ లేదు, చెవిన ఒక్క ముక్క పడిందీ లేదు. మధ్యలో జ్వరమొచ్చి ఐదు రోజులు యాప్ ముట్టుకోకపోతే వెయ్యి దాకా పేరుకుంటాయి. సొంతంగా నేర్చుకునేవాళ్ళు చాలామంది జపనీస్ వదిలేసే చోటు ఇదే. భాష కష్టమై కాదు, బాకీ చూసి భయపడి.

అదే రోజుకి ఎనిమిది కొత్తవి పెట్టుకుంటే? రివ్యూలు 60, 80 మధ్య తిరుగుతాయి. పది, పన్నెండు నిమిషాల పని. కొత్తవాటితో కలిపి పావుగంట. ఏడాదికి 2900 పైచిలుకు మాటలు. తక్కువేం కాదండీ అది.

ఇంకో రెండు సెట్టింగులు చెప్పి ముందుకెళ్తాను. ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ దానికి జలగ అని ముద్ర వేస్తుంది. జలగల మీద జాలి పడకండి, తీసేయండి. ఆ మాట నిజంగా అవసరమైతే చదివేటప్పుడు మళ్ళీ ఎదురవుతుంది, అప్పుడు దానికో వాక్యం వెంట ఉంటుంది. రెండోది, 2023లో ఆంకీలోకి ఏ కార్డు మళ్ళీ ఎప్పుడు రావాలో తేల్చే ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త లెక్క వచ్చింది. అందులో ఎంత శాతం గుర్తుండాలో మనమే చెప్పొచ్చు. మామూలుగా 90 ఉంటుంది. దాన్ని 85కి తగ్గిస్తే రివ్యూలు బాగా పల్చబడతాయి. నూటికి ఇంకో ఐదు మర్చిపోతే ఏమవుతుంది? చదివేవాళ్ళకి ఏమీ అవదు.

సరే, తెలుగువాళ్ళ సంగతి. ఒక వాక్యం చెప్తాను, నెమ్మదిగా వినండి.

"కినో, హహ గ కత్తె కిత హొన్ ఒ యొమో తొ ఒమొత్త కెదొ, వసురెతె షిమత్త."

ఇప్పుడు వరస చెడగొట్టకుండా మాటకి మాట పెడతాను. కినో, నిన్న. హహ గ, అమ్మ. కత్తె కిత, కొనుక్కొచ్చిన. హొన్ ఒ, పుస్తకాన్ని. యొమో, చదువుదాం. తొ, అని. ఒమొత్త, అనుకున్నా. కెదొ, గానీ. వసురెతె షిమత్త, మర్చిపోయా. "నిన్న అమ్మ కొనుక్కొచ్చిన పుస్తకాన్ని చదువుదామని అనుకున్నా గానీ, మర్చిపోయా." ఒక్క మాట కూడా చోటు మారలేదు! కొని, వచ్చి రెండూ కలిసి మనకి కొనుక్కొచ్చు అయినట్టే వాళ్ళకి కత్తె కురు. మర్చి పక్కన మనం పోవు తగిలించినట్టే వాళ్ళు షిమౌ తగిలిస్తారు. తిని చూడు అనడానికి వాళ్ళు తబెతె మిరు అంటారు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడు. ఇవి పాఠ్యపుస్తకాల్లో పెద్ద పెద్ద వ్యాకరణ సూత్రాలుగా వస్తాయి, పక్కన రెండేసి పేజీల వివరణతో. అది మన కోసం రాసిన వివరణ కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని తలకిందులు చేసుకుంటే గానీ జపనీస్ రానివాళ్ళ కోసం రాసింది.

ఈ పోలిక చూసి రెండు భాషలూ ఒక తల్లి పిల్లలే అనుకోకండి. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని చాలాకాలం వాదించాడు. భాషా శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా నడక ఒకటే. నేర్చుకునేవాళ్ళకి కావలసింది ఆ నడకే.

దీనికీ కార్డుల లెక్కకీ సంబంధం ఏమిటంటారా? అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. జపనీస్‌ని వాళ్ళు అన్నిటికన్నా కష్టమైన వర్గంలో పెట్టారు, 88 వారాలు, 2200 తరగతి గంటలు. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ లెక్క. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ కూడా దాదాపు వాళ్ళ అనుభవంలోంచి వచ్చినవే. "ముందు రెండు వేల మాటలు, మొత్తం వ్యాకరణం అయ్యాక చదవడం మొదలెట్టు" అని. వాళ్ళకి అది సబబే కావచ్చు. మనకి వాక్యం ఎటు పోతోందో ముందే తెలుస్తుంది. క్రియ చివర్లో వస్తుందని ఎదురుచూడటం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. తెలియని మాట ఒకటి అడ్డొచ్చినా దాని వెనక ఒ ఉందా, ని ఉందా, గ ఉందా, అంటే మన విభక్తుల్లాంటి వాళ్ళ ముక్క ఏదుందో చూస్తే, ఆ మాట వాక్యంలో ఏం చేస్తోందో పట్టేస్తాం. కాబట్టి ఐదారు వందల మాటలతోనే పేజీలోకి దిగొచ్చు. ఆ దిగడాన్ని వాయిదా వేసి కార్డులు తిప్పుతూ కూర్చోవడం మనకి చేతికందిన లాభాన్ని వదులుకోవడమే.

చెవి విషయంలో కూడా మనం కాస్త ముందున్నాం. మనకి ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. దీర్ఘం తీస్తే అర్థం మారుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒబసన్ అంటే పిన్ని వయసావిడ, ఒబాసన్ అంటే అమ్మమ్మ, బామ్మ. ఇంగ్లీషువాళ్ళు ఈ తేడా వినడానికే నెలలు తంటాలు పడతారు. జపనీస్‌లో మాటని కొలిచేది మాత్రలతో. తోక్యో నాలుగు మాత్రలు, నిప్పొన్ నాలుగు మాత్రలు. ఛందస్సు చదువుకున్నవాళ్ళు గురులఘువులు వేసి చూడండి, రెండింటిలోనూ రెండేసి గురువులు, లెక్క సరిగ్గా సరిపోతుంది. హైకూలో 5, 7, 5 అని లెక్కపెట్టేది కూడా వీటినే.

అయితే ఇదే మనల్ని ముంచుతుంది కూడా. మనది అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చుని గట్టిగా పలుకుతాం. రాసింది చూసి దె-సు అని చక్కగా పలుకుతాం. కానీ వాళ్ళ నోట్లో అది దెస్ అయిపోతుంది. సుకి అన్నది స్కి లాగా వినిపిస్తుంది. కార్డుల మీద సుకి అని వెయ్యిసార్లు చదివినవాళ్ళకి నిజం మనిషి నోట స్కి అని వచ్చినప్పుడు అది తమకి తెలిసిన మాటేనని తట్టదు. మాట తెలుసు, చెవికి తెలీదు. కార్డు ఎన్నిసార్లు తిప్పినా ఇది నయం కాదు. పైగా ఇంట్లో మనుషులు మాట్లాడుకునేటప్పుడు తబెతె షిమత్త కాస్తా తబెచత్త అవుతుంది, మితె ఇరు మితెరు అవుతుంది, షినకెరెబ అంత పొడుగుది షినక్య అయిపోతుంది. మనం కూడా "చేస్తూ ఉన్నాను" అని ఎప్పుడైనా అంటామా? చేస్తున్నా అంటాం. ఇంకా తొందరలో ఉంటే చేస్తన్నా.

ఇప్పుడు అసలు కొండ, కంజి, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు. ఇక్కడ మనకి ఏ లాభమూ లేదు, అందరితో పాటే ఎక్కాలి. జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన జోయో (నిత్య వాడుక) పట్టికలో 2136 కంజిలున్నాయి. వాటిలో 1026 ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళలో పిల్లలకి నేర్పుతారు. అంకెలు చూసి, ఒక్కో కంజికీ ఒక కార్డు, వెనక దాని పలుకులన్నీ, అని డెక్ తయారుచేసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆదివారాన్ని నిచియోబి అంటారు. మూడు కంజిలు. మొదటిదీ చివరిదీ ఒకటే అక్షరం, రోజు, సూర్యుడు అని అర్థం ఉన్నది. మొదట్లో దాన్ని నిచి అని చదవాలి, చివర్లో బి అని చదవాలి. అదే అక్షరం మిక్క (మూడో తేదీ) అనే మాటలో క అవుతుంది, ఒక్కటే ఉంటే హి అవుతుంది. క్యో అంటే ఇవాళ, రెండు కంజిలు, రెండోది మళ్ళీ ఆ అక్షరమే. అందులో ఏ అక్షరం ఏ పలుకో విడదీయడానికే లేదు, రెండూ కలిపి క్యో. ఇన్ని పలుకుల జాబితాని బట్టీపట్టి ఏం చేస్తాం? జాబితా నోటికొచ్చినా పేజీలో ఎక్కడ ఏది వాడాలో జాబితా చెప్పదు. నిచియోబి అనే మాట నేర్చుకోండి. మిక్క అనే మాట నేర్చుకోండి. పది మాటలు వచ్చేసరికి ఆ అక్షరం దానంతటదే లొంగుతుంది. జపాన్ పిల్లలకైనా ముందు మాటలు వచ్చు, తర్వాతే అక్షరాలు.

కార్డు చేయలేని ఇంకో పని చెప్తాను. కకెరు అనే క్రియ ఉంది. డెక్‌లో దీనికి "వేలాడదీయు" అని ఉంటుంది. పేజీ తెరవగానే ఏం కనిపిస్తుందో చూడండి. మెగనె ఒ కకెరు, కళ్ళద్దాలు పెట్టుకోవడం. దెన్వ ఒ కకెరు, ఫోన్ చేయడం. కగి ఒ కకెరు, తాళం వేయడం. జికన్ ఒ కకెరు, టైము పెట్టడం. షిన్పయి ఒ కకెరు, ఒకరిని కంగారు పెట్టడం. ఎక్కడ వేలాడుతోందండీ ఇందులో? ఇది వాళ్ళ దోషం కాదు, మన వేయు మాత్రం తక్కువ తిన్నదా? తాళం వేస్తాం, రంగు వేస్తాం, అడుగు వేస్తాం, ప్రశ్న వేస్తాం, చొక్కా వేసుకుంటాం. చలి వేస్తుంది, భయం వేస్తుంది. తెలుగు నేర్చుకునే జపాన్ మనిషి ఒకాయన "వేయు, విసురు" అని కార్డు రాసుకుని కూర్చుంటే మనం ఏమంటాం? "బాబూ, పది వాక్యాలు చదువు, అదే అర్థమవుతుంది" అంటాం. ఆ సలహా మనకీ వర్తిస్తుంది.

కాబట్టి కార్డులు ఎక్కడి నుంచి రావాలంటే, మీరు చదివినదాన్నుంచీ విన్నదాన్నుంచీ. ఒక మాట రెండుసార్లు ఎదురైతే, రెండోసారి కార్డు చేయండి. ముందువైపు ఆ వాక్యం మొత్తం, వెనక పలుకు, అర్థం, వీలైతే ఆ గొంతు. పేజీకి రెండు మూడు మాటలు మించొద్దు. పేజీలో తెలియని మాటలన్నీ గీత గీసి కార్డులు చేసేవాళ్ళున్నారు, వాళ్ళ పేజీ ఎప్పటికీ పూర్తికాదు. మొదట్లో, అంటే ఏమీ రాని రోజుల్లో, తయారుగా ఉన్న డెక్ వాడుకోండి, తప్పులేదు. ఆ మూడు నాలుగు నెలలు కార్డులకి సగం టైము పోయినా పర్లేదు, అతి మామూలు మాటలు లేకుండా ఏ తలుపూ తెరుచుకోదు. ఆ తర్వాత కూడా అదే సగం కొనసాగితేనే గొడవ.

చదవడం రెండు రకాలు. ఒకటి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఐదారు వాక్యాలని దారం దారం విప్పడం. దీనికి బ్రౌజరులో యోమితాన్ లాంటివి ఉన్నాయి, మాట మీద మౌస్ పెడితే అర్థం వస్తుంది. వాటి వెనక ఉన్న నిఘంటువు ఆస్ట్రేలియాలో జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన పని, ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. రెండోది తదొకు, అంటే బోలెడంత చదవడం. దీని నియమాలు వింటే బద్ధకస్తులు పెట్టినట్టుంటాయి: బాగా తేలికైనది మొదలెట్టు, నిఘంటువు చూడకు, తెలియనిది దాటెయ్, బాగోలేకపోతే ఆపేసి ఇంకోటి తీసుకో. ఎన్‌పీఓ తగెన్గొ తదొకు అనే సంస్థ ఇందుకోసం బొమ్మలతో, లెవెల్ల వారీగా చిన్న పుస్తకాలు పెట్టింది, చాలావాటికి డబ్బు కట్టక్కర్లేదు. కాస్త ముందుకెళ్ళినవాళ్ళకి 2012లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే మొదలుపెట్టిన న్యూస్ వెబ్ ఈజీ ఉంది. తేలిక జపనీస్‌లో వార్తలు, కంజిల మీద ఫురిగన (ఎలా పలకాలో చూపే చిన్న అక్షరాలు), చదివి వినిపించే గొంతు కూడా. పిల్లల బొమ్మల కథలు, మాంగాల్లోనూ చాలావాటికి ఫురిగన ఉంటుంది. అఒజొర బున్కొ అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో కాపీరైటు తీరిన పుస్తకాలు ఉచితమని ఎవరో చెప్పగానే వెళ్ళిపోకండి. వంద సంవత్సరాల కిందటి భాష అది, తర్వాత చూసుకోవచ్చు.

ఏది తేలికో ఎలా తెలుస్తుంది? హూ, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ఇంగ్లీషు కథల మీద చూసి, సాయం లేకుండా హాయిగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని రాశారు. వందలో రెండే తెలియనివి. మనం ఎంచుకునేవి చూస్తే వందలో ముప్పై తెలియనివి ఉంటాయి. పౌరుషానికి పోతాం మరి. (నవ్వులు)

వినడానికి నా పద్ధతి ఒకటే. ఐదు నిమిషాల ముక్క తీసుకోండి, రాతప్రతి ఉన్నది. మొదటిసారి ఏమీ చూడకుండా వినండి. రెండోసారి రాసింది చూస్తూ వినండి. ఇక్కడే "అరె, ఇది నాకు తెలిసిన మాటే!" అనుకునేవి బయటపడతాయి, ఆ మాటలే బంగారం. మూడోసారి మళ్ళీ ఏమీ చూడకుండా. మర్నాడు నడుస్తూనో గిన్నెలు కడుగుతూనో అదే ముక్క ఇంకోసారి. కొత్త ముక్క కోసం తొందరపడకండి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు పెట్టుకుని సిరీస్ చూడటాన్ని వినడం కింద లెక్కెయ్యకండి. అది సరదా, సరదాగానే చూడండి. కన్ను చదువుతుంటే చెవి పడుకుంటుంది.

జపనీస్ సామర్థ్య పరీక్ష, అదే జేఎల్‌పీటీ, రాసేవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ. జేఎల్‌పీటీ 1984లో మొదలైంది, 2010లో మార్చి ఎన్1 నుంచి ఎన్5 దాకా ఐదు మెట్లు చేశారు. ఎన్1, ఎన్2, ఎన్3లలో మొత్తం 180 మార్కులు. మాటలూ వ్యాకరణం కలిపి 60, చదవడం 60, వినడం 60. అంటే మూడింట రెండు వంతులు చదవడానికీ వినడానికే! ఏ భాగంలోనైనా 19 కన్నా తక్కువొస్తే మొత్తం ఎంతొచ్చినా ఫెయిలే. ఎన్4, ఎన్5లలో కూడా వినడం విడిగా 60. పైగా 2010 తర్వాత పరీక్ష పెట్టేవాళ్ళు ఏ మెట్టుకి ఏ మాటలో జాబితా ప్రకటించడం మానేశారు. "ఎన్3 మాటలు పూర్తి డెక్" అని దొరికేవన్నీ ఎవరో ఒకరి అంచనాలు. మాట్లాడటం, సొంతంగా రాయడం మాత్రం ఈ పరీక్షలో లేవు, అది గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ వచ్చినా నోరు పెగలనివాళ్ళు ఉండేది అందుకే.

ఇక ప్రశ్నలు తీసుకుందాం. ఆ చివర, చెప్పండమ్మా.

ప్రశ్న: మేడమ్, నేను పొద్దున్నే లేచి కార్డులు చేస్తాను. అవి అయ్యేసరికి ఆఫీసు టైము అయిపోతుంది. రాత్రి చదువుదామంటే నిద్రొచ్చేస్తుంది.

జవాబు: తిరగేయండి. తల తాజాగా ఉన్న టైము పేజీకివ్వండి. కార్డులు ముక్కలు ముక్కలుగా ఎక్కడైనా అవుతాయి, బస్సు కోసం నిలబడి పది, లిఫ్టు కోసం నిలబడి నాలుగు. పేజీ అలా ముక్కల్లో అవదు, దానికి ఇరవై నిమిషాలైనా ఒక్కచోట కూర్చోవాలి. కార్డులు ముందు చేయకపోతే పేరుకుంటాయనే భయం నాకు తెలుసు. కొత్తవి తగ్గించుకుంటే పేరుకోవు.

ప్రశ్న: కంజి చేత్తో రాయడం నేర్చుకోవాలా?

జవాబు: చదవడానికైతే అక్కర్లేదండీ. ఫోన్లో పలుకు కొడితే కంజి అదే వస్తుంది. అయితే ఒక వంద, రెండు వందలు గీతల వరసతో రాసి చూడండి. అక్షరం ఏ ముక్కలతో కట్టారో చేతికి తెలిస్తే, ఒకేలా కనిపించేవాటిని కన్ను విడదీస్తుంది. ఇష్టమున్నవాళ్ళు రెండు వేలూ రాసుకోండి, అది వేరే ఆనందం.

ప్రశ్న: మేడమ్, నాకు రెండు వేలకి పైగా కార్డులు పేరుకుపోయాయి. యాప్ తెరవాలంటేనే భయంగా ఉంది. డిలీట్ చేసేయనా?

జవాబు: మీ ఒక్కరికే కాదులెండి, ఇక్కడ సగం మంది ముఖాలు చూడండి. (నవ్వులు) డిలీట్ వద్దు. ముందు కొత్త కార్డులు సున్నా చేసేయండి. రోజుకి పావుగంట టైమర్ పెట్టుకుని, అందులో ఎన్నైతే అన్ని. టైమర్ మోగగానే మూసేయండి, మధ్యలో ఉన్నా సరే. పాత కార్డుల్లో చాలావాటికి వ్యవధి పొడుగ్గా ఉంటుంది, వారం ఆలస్యమైతే వాటికేం కాదు, అవి గుర్తే ఉంటాయి. గుర్తులేనివి మళ్ళీ మొదటికొస్తాయి, రానివ్వండి. ఏ వాక్యంలోంచి వచ్చిందో కూడా గుర్తులేని కార్డు కనిపిస్తే సస్పెండ్ చేయండి. ఆ అంకె తగ్గేదాకా ఆగకుండా ఇవాళ రాత్రే తదొకు పుస్తకాల్లో అన్నిటికన్నా కింది లెవెల్‌ది ఒకటి తీసి చదివేయండి. అందులో మీ రెండు వేలలోవి ఎన్ని మాటలు కనిపిస్తాయో చూసి వచ్చే నెల నాకు చెప్పండి.